పదకొండో నంబరు రాయి

రెండు నెలల కిందట మా స్కూలు వార్షికోత్సవ సంచికకు పాత రోజుల ముచ్చట్లు రాయమని అడిగితే ఒక వ్యాసం రాసిచ్చాను. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మదురైలో జరిగిన రాళ్ళ గుర్తింపు పోటీకి మా పిల్లలను తీసుకుపోయిన సంగతి అందులో ఉంది. "మా గురుసామి మొదటి బహుమతికి ఒక్క రాయి దూరంలో ఆగిపోయాడు, చివరి నిమిషంలో అజాగ్రత్త పడ్డాడు" అని రాశాను. చదివినవాళ్ళు బాగుందన్నారు. ఆ వాక్యం అబద్ధం. గురుసామి అజాగ్రత్త పడలేదు. ఆ రాయి పేరు వాడికి తప్పుగా నేర్పింది నేను. నేర్పేటప్పుడు తప్పని నాకు తెలియదు, ఆ మాట నిజమే. కానీ తెలిసిన తరువాత ముప్పై ఏళ్ళు నోరు మూసుకున్నాను. అది చాలదన్నట్టు చివరికి అచ్చు కూడా వేయించాను.

సంచిక వచ్చిన వారానికి గురుసామి కూతురు జానకి మా ఇంటికి వచ్చింది. ఆ అమ్మాయి మా స్కూల్లోనే చిన్న తరగతులకు టీచరు. కూర్చోమంటే కూర్చోలేదు. చేతిలో సంచిక ఉంది, ఆ పేజీ దగ్గర వేలు పెట్టి ఉంది.

"సార్, నాన్న దీన్ని చదివినాడు. చదివి మడిచి బీరువా మింద పెట్టినాడు. నిజమేనా నాన్నా అని అడిగితే, సార్ రాసినారు గదా అన్నాడు. అంతే. చిన్నప్పటి నుంచి మాకు ఏ పని చేసినా రెండుసార్లు చూసుకోండి, రెండుసార్లు చూసుకోండి అని చెప్తానే ఉండె. అజాగ్రత్త పడి నాన్న కాలేజీ పోగొట్టుకున్నాడా సార్?"

"ఆదివారం మీ ఇంటికి వస్తాను. నాన్నని ఇంట్లో ఉండమను."

"ఇప్పుడే చెప్పకూడదా సార్?"

"ఆయన ఎదుట చెప్పాల."

ఆ అమ్మాయి పోయిన తరువాత, ఏం చెప్పాలో మొదటి నుంచి వరసగా గుర్తు చేసుకున్నాను. ఇక్కడ రాస్తున్నది అదే.

అప్పుడు నాకు ఇరవైరెండేళ్ళు. కెమిస్ట్రీ చదివి, మదురై అవతల తెలుగువాళ్ళుండే మా ఊరికి తిరిగి వచ్చి స్కూల్లో సైన్సు చెప్పడానికి చేరాను. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మదురైలో ఒక కాలేజీవాళ్ళు హైస్కూలు పిల్లలకు రాళ్ళూ ఖనిజాలూ గుర్తుపట్టే పోటీ పెడుతున్నారనీ, మొదటి బహుమతి వచ్చిన పిల్లవాడికి ఇంటర్ రెండేళ్ళూ హాస్టలుతో సహా ఉచితంగా చదువు చెబుతారనీ కాగితం వచ్చింది. హెడ్మాస్టరు దాన్ని నా చేతిలో పెట్టి, మన స్కూలు పేరు నిలబెట్టు, ఆ తరువాత నీ సంగతి చూద్దాం అన్నారు. రాళ్ళ గురించి నాకేమీ తెలియదు. ఆ మాట ఆయనతో అనలేదు. మద్రాసు నుంచి ఒక టేకు పెట్టె తెప్పించారు. అందులో ఇరవైనాలుగు గళ్ళు, గడికొక రాయి, రాయి కింద దూది. మా ఊరిలో దూదికి కొరత లేదు కనుక పెట్టెతో వచ్చిన మురికి దూది తీసేసి జిన్నింగు ఫ్యాక్టరీ నుంచి కొత్త దూది తెచ్చి వేశాను. ఒక్కో రాయి మీద నంబరూ పేరూ రాసిన చిన్న కాగితం చీటీ అంటించి ఉంది. నేను నమ్ముకున్నది ఆ చీటీలనూ, కూడా వచ్చిన సన్నటి పుస్తకాన్నీ.

పదోక్లాసులో ముగ్గురిని ఎంచుకున్నాను. ఇద్దరు మా రాజుల కులం పిల్లలే, మా వీధివాళ్ళే. మూడోవాడు చోళపురం నుంచి నడిచి వచ్చే గురుసామి. వాళ్ళు నాయకర్లు. నాన్న చిన్నప్పుడే పోయాడు. ఉన్న కొద్ది మెట్ట నేలలో పత్తి సరిగ్గా పండని సంవత్సరాలు ఎక్కువ కనుక వాళ్ళమ్మ ఊళ్ళు తిరిగి చింతపండు కొని మా సంతలో అమ్మేది. స్కూలు అయిపోగానే వాణ్ణి మిల్లులో చేర్చడానికి మేనమామ మాట్లాడి పెట్టాడు. బహుమతి వస్తే కాలేజీ, రాకపోతే మిల్లు అని వాళ్ళమ్మ తేల్చి చెప్పిందని మొదటి రోజే వాడు నాకు చెప్పాడు. దిగులుగా చెప్పలేదు, బస్సు ఎన్ని గంటలకో చెప్పినట్టు చెప్పాడు.

రోజూ తెల్లవారగానే మా ఇంటి తిన్నె మీద కూర్చునేవాళ్ళం. ఆ వేళకు మా అవ్వ లోపల ఇనుప మూకుట్లో కాఫీ గింజలు వేయిస్తూ ఉండేది, ఆ పొగ వీధిలోకి వచ్చేది. వాకిలి తడిసి ఉండేది, ముగ్గు ఇంకా ఆరి ఉండేది కాదు. నేను పిల్లల కళ్ళకు తువ్వాలు కట్టి చేతిలో రాయి పెట్టేవాణ్ణి. గోటితో గీరితే గీత పడుతుందా, రాగి కాసుతో పడుతుందా, కత్తితో పడుతుందా, అద్దాన్ని అదే గీస్తుందా అని ఒక్కొక్కటే చెప్పించేవాణ్ణి. పగిలిన పింగాణీ కప్పు అడుగున రుద్ది పొడి రంగు చూసేవాళ్ళం. యుద్ధం మూలంగా యాసిడ్ దొరకడం కష్టం, కనుక నిమ్మకాయ పిండేవాళ్ళం. అవ్వ ముగ్గుపిండి మీద పిండితే బుసబుస పొంగింది. సున్నపురాయి జాతి అని నేను పాఠం చెబుతుంటే అవ్వ బయటికి వచ్చి, "ఏమప్పా, నా ముగ్గుకి ఊరగాయ పెడతా ఉండారా?" అంది. పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు. ఆదివారాలు సంజీవి కొండకు పోయి, ఎండ నెత్తికి వచ్చేదాకా రాళ్ళు పగలగొట్టి జేబులు నింపుకుని వచ్చేవాళ్ళం. లేత గులాబి రంగు ఫెల్స్పార్ అక్కడ కావలసినంత దొరికింది. మూడు నెలలు ఒక్కరోజు కూడా మానలేదు. వాన వస్తే పెట్టె నడవలోకి జరిపేవాళ్ళం, అంతే. ఆ పట్టుదల గురించి నేను రాసిన వ్యాసంలో అబద్ధమేమీ లేదు.

ఆ పాఠాలు మొదలైన రెండు వారాలకే ఆయుధపూజ వచ్చింది. మా ఊరిలో ఆ రోజు మిల్లు యంత్రం మొదలుకొని ఇంట్లో కత్తిపీట వరకూ కడిగి చందనం, కుంకుమ పెట్టందే ఎవరికీ తృప్తి ఉండదు. పుస్తకాలు దేవుడి ముందు పెడతాం, ఆ రోజు చదవకూడదు. నేను పుస్తకాలు పెట్టి స్నానానికి పోయి వచ్చేసరికి అవ్వ పెట్టె తెరిచి, ఇరవైనాలుగు రాళ్ళకూ నువ్వుల నూనె రాసి, చందనం పూసి, ఒక్కోదానికి కుంకుమ బొట్టు పెట్టి వరసగా పీట మీద పేర్చింది. 

"ఏమవ్వా ఇది?"

"నీ ఆయుధం ఇదే గదప్పా. దీన్ని విడిచిపెట్టి కాగితాలకి పూజ చేస్తే ఏమి వస్తాది?"

మరునాడు విజయదశమి పొద్దున ఇత్తడి బేసినులో శీకాయ కలిపి రాళ్ళన్నీ కడిగాను. నూనె పోయింది, చందనం పోయింది, వాటితో పాటు చీటీలూ ఊడి నీళ్ళ మీద తేలాయి. ఏరి చేటలో ఆరబెట్టాను. కాఫీ చల్లారిపోతోందని అమ్మ పిలుస్తోంది. అన్నం మెతుకులు మెదిపి, పుస్తకం చూసి ఒక్కొక్క చీటీ తిరిగి అంటించాను. ఇరవైరెండు రాళ్ళ విషయంలో ఆలోచించే పనే లేకపోయింది. ఎర్రది ఎర్రది, మెరిసేది మెరిసేది. చివరికి రెండు తెల్ల రాళ్ళు మిగిలాయి, రెండు చీటీలు మిగిలాయి. పదకొండు బెరైటిస్, పదిహేడు ఫెల్స్పార్. ఒక రాయి పిడికిలికి మించి ఉంది, రెండోది నిమ్మకాయంత. పుస్తకంలో బెరైటిస్‌కు ఎదురుగా "చాలా బరువైనది" అని ఉంది. రెండు చేతుల్లో రెండూ పట్టుకున్నాను. పెద్దది బరువుగా ఉంది, కత్తితో గీసి చూసే ఓపిక లేకపోయింది. దానికి బెరైటిస్ చీటీ అంటించి, చిన్నదానికి ఫెల్స్పార్ అంటించి, కాఫీ తాగడానికి పోయాను. పెద్ద రాయి చిన్న రాయికంటే బరువుగా ఉండక ఏం చేస్తుందని సైన్సు చదివిన నాకు తోచలేదు.

నాలుగు రోజుల తరువాత గురుసామి ఆ చిన్న రాయిని చేతిలో ఎగరేసి పట్టుకుంటూ, "సార్, దీనికి చీటీ మారిపోయి ఉండాదేమో" అన్నాడు.

"ఎందుకురా?"

"ఇది బరువుగా ఉండాది సార్."

"కళ్ళు లేవా నీకు? పెద్దది దీనికి మూడింతలు ఉండాదే."

"పెద్దది పెద్దదిగా ఉండాది గాబట్టి బరువు సార్. ఇది ఇంత రాయికి ఇంత బరువు ఉండకూడదు. మా అమ్మకి తూకం రాళ్ళు ఏటిలోనించి నేనే ఏరుకొని వస్తాను. అరవీశె రాయి అంటే ఇంత ఉండాల అని చెయ్యికి తెలుస్తాది. దీన్ని పట్టుకుంటే చెయ్యి కిందికి పోతాది. మన కొండ మింది ఫెల్స్పార్ ఇట్ల లేదు గదా సార్."

మిగతా ఇద్దరిలో ఒకడు, "చింతపండు తూచేవాడు సార్‌కి పాఠం చెప్తా ఉండాడు" అన్నాడు. ఇంకొకడు నవ్వాడు. నేనూ నవ్వాను. "పుస్తకం రాసినవాడు గొప్పా, మీ అమ్మ తూకం రాయి గొప్పా?" అని అడిగాను.  గురుసామిని నిలబెట్టి, పదకొండు బెరైటిస్, పదిహేడు ఫెల్స్పార్ అని ఇరవైసార్లు చెప్పించాను. వాడు ప్రతిసారీ ఒకే గొంతుతో చెప్పాడు. తరువాత ఆ రెండు రాళ్ళనూ నేను ఒకసారి చేతిలోకి తీసుకొని చూసి ఉండవచ్చు. తీసుకోలేదు, పిల్లల చేత గీయించి చూడనూ లేదు. తప్పు బయటపడుతుందన్న భయం కాదు. చూడవలసిన అవసరం ఉందని ఒప్పుకోవడమే నాకు ఇష్టం లేకపోయింది.

మదురైలో పోటీ పెద్ద హాల్లో జరిగింది. ఇరవై బల్లలు, బల్లకొక రాయి, గంట కొట్టినప్పుడల్లా పిల్లలు తరువాతి బల్లకు జరగాలి. సార్లమందరం వెనక బెంచీల మీద కూర్చున్నాం. పన్నెండో బల్ల మీద కొబ్బరిచిప్పంత తెల్ల రాయి ఉంది. గురుసామి దాన్ని ఎత్తాడు. కుడి చేతిలోంచి ఎడమ చేతికి మార్చుకున్నాడు, మళ్ళీ కుడి చేతికి. తల తిప్పి నా వైపు చూశాడు. వాడు ఎందుకు చూశాడో నాకు తెలియలేదు. ధైర్యంగా ఉండమన్నట్టు తల ఊపాను. వాడు రాయి కింద పెట్టి కాగితం మీద రాశాడు. సాయంత్రం ఫలితాలు చదివారు. విరుదునగరం నుంచి వచ్చిన పిల్లవాడు మొదటివాడు, గురుసామి రెండోవాడు. ఇద్దరికీ తేడా ఒక్క రాయి.

తిరుగు రైల్లో అవ్వ కట్టిచ్చిన పులిహోర పంచాను. గురుసామి మామూలుగానే తిన్నాడు. జవాబుల లిస్టు నా చేతిలో ఉంది.

"పన్నెండో బల్ల మింద ఏమి రాసినావురా?"

"ఫెల్స్పార్ అని రాసినాను సార్."

"బెరైటిస్ అని వేసి ఉండారు."

"ఆమా సార్." అవునన్నట్టు తల ఊపాడు. "నా చెయ్యి ఒకటి చెప్పినాది, మీరు ఒకటి చెప్పినారు. మీరు చెప్పిందే రాసినాను."

మరునాడు పొద్దున పిల్లలు రాకముందే ఆ రెండు రాళ్ళూ కోటు జేబులో వేసుకుని ల్యాబుకు పోయాను. త్రాసులో తూచి, కొలత గాజుగొట్టంలో నీళ్ళు పోసి ముంచి చూశాను. ఐదు నిమిషాల పని. పెద్దది తనంత నీటికి రెండున్నర రెట్లు బరువు ఉంది, చిన్నది నాలుగున్నర రెట్లు. తలుపు దగ్గర ప్యూను నిలబడి హెడ్మాస్టరు పిలుస్తున్నారన్నాడు. రాళ్ళు జేబులో వేసుకునే పోయాను. ఆయన కోపంగా లేరు, ఒక్క రాయి ఎట్లా పోయింది అని మాత్రం అడిగారు. "బాగా తయారైనవాడే సార్, చివర్లో అజాగ్రత్త పడ్డాడు" అన్నాను. నా గొంతు తడబడలేదు. ఆయన అదే మాట ప్రార్థన సమయంలో స్కూలంతటికీ చెప్పి, జాగ్రత్త గురించి పావుగంట మాట్లాడారు. గురుసామి మూడో వరసలో నిలబడి విన్నాడు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోయినప్పుడు రెండు చీటీలనూ తడిపి ఊడదీసి, మెతుకులతో మార్చి అంటించాను. సాయంత్రం పెట్టెను స్కూలుకు చేర్చాలి. మోసుకురమ్మని గురుసామినే పంపించాను.

రెండు రోజులకు వాళ్ళమ్మ స్కూలుకు వచ్చింది. సంత రోజు. నెత్తిన చింతపండు గంప ఉంది, దించలేదు.

"సార్, వాడు అజాగ్రత్త పడే బిడ్డ కాదు. ఏమి జరిగినాది?"

"ఒక్కోసారి అట్లా అవుతాదమ్మా."

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసింది. "శరి సార్" అని గంప సర్దుకుని సంతవైపు పోయింది. పరీక్షలు కాగానే గురుసామి మిల్లులో చేరాడు. ఆ ఏడాది చివర్లో నా ఉద్యోగం ఖాయమైంది.

ఇప్పుడు మా ల్యాబులో గాజు అలమరాలున్నాయి, యాసిడ్ సీసాలున్నాయి, రాళ్ళకు నంబర్లు రంగుతో రాసి ఉన్నాయి. ఆయుధపూజకు చందనం అలమరా తలుపుకు పెడతారు, లోపలికి పోదు. ఏ సారూ పెట్టె ఇంటికి తీసుకుపోడు, ఎవరి తిన్నె మీదా తెల్లవారి పాఠం జరగదు. అదొక లోటనే నాకు అనిపిస్తుంది. స్టాఫ్ రూములో మా వయసువాళ్ళం కూర్చున్నప్పుడు, ఈ కాలం పిల్లలు ప్రతిదానికీ ఎందుకు సార్ అని అడుగుతారు, మన కాలంలో ఎంత వినయం ఉండేది అనుకుంటాం. నేనూ అన్నాను ఆ మాట, ఎన్నోసార్లు. ఆ వినయం ఎవరికి పనికొచ్చిందో, ఎవరి చదువు పోయిందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ గదిలో లేరు. జానకి వచ్చి వెళ్ళిన తరువాత సవరణ రాసి సంచికవాళ్ళకు ఇచ్చాను. వచ్చే ఏడాది వేస్తామన్నారు. అది చాలదని నాకు తెలుసు.

ఆదివారం పొద్దున గురుసామి ఇంటికి పోయాను. మిల్లులో మేస్త్రీగా ఉన్నాడు, జుట్టు నాకంటే ముందే నెరిసింది. జానకి కాఫీ తెచ్చింది. నేను మొదలుపెట్టాను. అవ్వ సంగతి, చందనం సంగతి, శీకాయ నీళ్ళు, ఊడిన చీటీలు, ఉద్యోగం ఖాయం కాని భయం, అన్నీ చెప్పుకుంటూ పోయాను. చెప్పేకొద్దీ తప్పు నా దగ్గరి నుంచి కొంచెం కొంచెం దూరంగా పోతున్నట్టు ఉంది.  నేను ఆగిన తరువాత గురుసామి అన్నాడు.

"అవ్వ చందనం పెట్టినాది, శరి సార్. నేను చెప్పినప్పుడు అవ్వ అక్కడ లేదు గదా."

గురుసామి నా గ్లాసు నా ముందుకు జరిపాడు.

"చీటీలు మార్చినారని నాకు ఆ దినమే తెలుసు సార్. పెట్టె మోసుకొని వచ్చినవాణ్ణి నేనే గదా. దారిలో దించి, తెరిచి చూసినాను."

"తెలిసీ ఎవరికీ చెప్పలేదా?"

"ఎవరికి చెప్పేది? సార్ తప్పు అంటే ఎవరు నమ్ముతారు? మా అమ్మకి చెప్పినాను. సార్ అట్ల చెప్పరు, నువ్వే ఎక్కడో తప్పు చేసి ఉంటావు అనె. పోయేదాకా అట్లనే అనుకొని ఉండె." కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "నాకు మీరు చెప్పాల్సినది ఏమీ లేదు సార్. అమ్మకి ఇంక చెప్పలేరు. ఈ బిడ్డకి చెప్పండి. చందనం అదంతా వద్దు."

జానకి గ్లాసులు తీసుకుని లోపలికి పోబోతోంది. ఆగమన్నాను. కూర్చుని చెప్పడం సరికాదనిపించి లేచి నిలబడ్డాను.

"జానకీ, మీ నాన్న అజాగ్రత్త పడలేదమ్మా. ఆ రాయి ఏమిటో ఆయనకి తెలుసు, నాకు చెప్పినాడు. నేను నలుగురిలో నవ్వి నోరు మూయించినాను. తప్పు నాదే అని తెలిసినాక హెడ్మాస్టరుకి అబద్ధం చెప్పినాను, మీ అవ్వకి అబద్ధం చెప్పినాను, ఇప్పుడు ఊరంతా చదివేటట్టు అచ్చు వేయించినాను. మీ నాన్న కాలేజీకి పోకుండా పోయినది నా వల్ల. నన్ను క్షమించమని ఆయన్ని అడగతా ఉండాను, నిన్నూ అడగతా ఉండాను."